చర్చిని గుసగుసగా పాడినవాడు: ఆల్ గ్రీన్ గొంతు వెనక కథ

సోల్ గాయకుడు ఆల్ గ్రీన్ పేరెత్తితే అమెరికాలో చాలామందికి ముందు గుర్తొచ్చేది పాట కాదు, ఒక దుర్ఘటన. 1974 అక్టోబరు 18న మెంఫిస్‌లోని అతని ఇంట్లో ఒక స్నేహితురాలు మరుగుతున్న గ్రిట్స్ తెచ్చి, స్నానాల గదిలో ఉన్న అతని మీద కుమ్మరించింది. గ్రిట్స్ అంటే మొక్కజొన్న రవ్వతో కాచే జావ. దక్షిణాది అమెరికాలో పొద్దున్నే తినే తిండి. వేడి నీళ్లయితే జారిపోతాయి, ఇది సంకటిలా ఒంటికి అతుక్కుంటుంది. వీపు, పొట్ట, చెయ్యి కాలాయి. ఆమె ఆ ఇంట్లోనే తుపాకీతో ప్రాణం తీసుకుంది. రెండేళ్లు తిరిగేసరికి గ్రీన్ చర్చి కొన్నాడు, పాస్టరయ్యాడు.

ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెడితే కథ దానంతటదే తయారవుతుంది. కుర్రాళ్లకు ప్రేమపాటలు పాడిన సింగరు, ఒళ్లు కాలాక దేవుణ్ణి తలచుకున్నాడట. వినడానికి బాగుంటుంది. పత్రికలు యాభై ఏళ్లుగా ఇదే కథ తిరగేసి మరగేసి రాస్తున్నాయి. చిక్కేమిటంటే తేదీలు దీనికి ఒప్పుకోవు. తనకు మారుమనస్సు కలిగింది 1973లోనని గ్రీన్ ఎన్నోసార్లు చెప్పాడు. కాలిఫోర్నియాలో కచేరీ ముగించుకుని డిస్నీలాండ్ దగ్గర ఒక హోటల్లో పడుకున్నప్పుడు, నడిరాత్రి మెలకువ వచ్చి తనకు తెలియకుండానే ప్రార్థన మొదలైందంటాడు. అంటే ఆ జావ ఒంటిమీద పడటానికి ఏడాది ముందే.

సాక్ష్యం మాటకేం, ఎవరైనా తర్వాత చెప్పుకోవచ్చు. రికార్డులు అలా కాదు, వాటి మీద సంవత్సరం ఉంటుంది. 1973లో వచ్చిన 'కాల్ మీ' ఆల్బమ్ చివరి పాట పేరు 'జీసస్ ఈజ్ వెయిటింగ్'. అదే ఏడాది ఆఖర్లో వచ్చిన 'లివిన్ ఫర్ యూ'లో 'మై గాడ్ ఈజ్ రియల్' అనే పాత చర్చి పాట ఉంది. పడగ్గది పాటల రాజుగా దేశమంతా మోగిపోతున్న రోజుల్లో, ఆ పాటల మధ్యే ఇవీ కూర్చున్నాయి. కొన్నవాళ్లు పెద్దగా పట్టించుకోలేదు, అంతే. కాబట్టి ఈ మనిషిని అర్థం చేసుకోవడానికి ఆ రాత్రి దగ్గర మొదలుపెడితే దారి తప్పుతాం.

అసలు సోల్ అనే నల్లజాతి అమెరికన్ల సంగీతమే చర్చిలోంచి నడిచి బయటికొచ్చింది. 1954లో రే చార్లెస్ ఒక గాస్పెల్ పాట, అంటే చర్చి భక్తిపాట, బాణీని పట్టుకుని, అందులో ఏసు ఉన్నచోట ఒక ఆడమనిషిని నిలబెట్టి 'ఐ గాట్ ఎ వుమన్' పాడాడు. గాస్పెల్ లోకంలో అమ్మాయిలు వెర్రెత్తిపోయే గాయకుడు శామ్ కుక్, తన మొదటి ప్రేమపాటను డేల్ కుక్ అనే మారుపేరుతో విడుదల చేయించాడు. గొంతు వినగానే అందరూ పట్టేశారనేది వేరే సంగతి. అంత భయం దేనికంటే, నల్లజాతి చర్చిల్లో చాలామందికి అది పాట మార్చడం కాదు, పక్షం మార్చడం. మన దగ్గర సినిమా బాణీలో భజన కట్టినా, క్రీస్తు పాట కట్టినా ఎవరో ఒక పెద్దాయన ముఖం చిట్లిస్తాడు. అక్కడి గొడవ దానికి తలకిందులు: గుడి బాణీ బజారుకెక్కిందని కోపం.

గ్రీన్‌కు ఈ కోపం ఇంట్లోనే ఎదురైంది. 1946 ఏప్రిల్ 13న ఆర్కన్సా రాష్ట్రంలోని ఫారెస్ట్ సిటీలో పుట్టాడు. అప్పుడు ఇంటిపేరు చివర ఇంకో 'ఈ' అక్షరం ఉండేది, పాటల్లోకి వచ్చాక తీసేశాడు. తండ్రి రాబర్ట్ పంటలో వాటా లెక్కన భూమి దున్నే కౌలురైతు. అలాంటి సాగులో ఏడాది చివర లెక్క చూసేది భూస్వామి, అప్పు మిగిలేది రైతుకు. ఆ కుటుంబం కూడా వేలాది నల్లజాతి కుటుంబాల్లాగే ఉత్తరాదికి వలసపోయి, మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ రాపిడ్స్‌లో స్థిరపడింది. అన్నదమ్ములంతా కలిసి గ్రీన్ బ్రదర్స్ పేరుతో చర్చిల్లో పాడేవాళ్లు. ఇంట్లో గాస్పెల్ తప్ప వేరే పాట వినిపించకూడదు. టీనేజీ కుర్రాడు దొంగచాటుగా సోల్ గాయకుడు జాకీ విల్సన్ రికార్డు వింటూ దొరికిపోయాడు. తండ్రి ఇంట్లోంచి వెళ్లగొట్టాడు.

ఇక్కడొకటి గమనించాలి. జాకీ విల్సన్ పాడింది కూడా చర్చిలో మరిగిన గొంతుతోనే. కొడుకు విన్నది వేరే లోకపు సంగీతమేమీ కాదు, తండ్రి పూజించే సంగీతానికే పక్కింటి బంధువు. తండ్రికి కోపం వచ్చింది బహుశా అందుకే. బొత్తిగా తెలియనిదైతే అంత మండదు.

బయటపడ్డాక స్నేహితులతో బృందం కట్టాడు. 1967లో వచ్చిన 'బ్యాకప్ ట్రైన్' అనే పాట రిథమ్ అండ్ బ్లూస్ (నల్లజాతి సంగీతం) చార్టులో 5వ స్థానం దాకా ఎక్కింది. తర్వాత వేసినవేవీ ఆడలేదు. ఊరూరా క్లబ్బుల్లో పాడుకుంటూ, అప్పులతో, టెక్సస్‌లోని మిడ్‌లాండ్ అనే ఊరికి చేరాడు. అక్కడ అతనికి వెనక వాయించడానికి వచ్చింది మెంఫిస్ నుంచి వచ్చిన ట్రంపెట్ వాద్యకారుడు విలీ మిచెల్ బ్యాండు. గొంతు వినగానే మిచెల్‌కు అర్థమైంది. మెంఫిస్ వచ్చెయ్, స్టార్‌ను చేస్తానన్నాడు. ఎంత కాలం పడుతుందని గ్రీన్ అడిగాడు. ఏడాదిన్నర అన్నాడు మిచెల్. అంత తీరిక నాకు లేదన్నాడు ఈయన. చివరికి ఊళ్లో అప్పులు తీర్చుకోవడానికి మిచెల్ దగ్గరే డబ్బు తీసుకుని, కొన్నాళ్లకు మెంఫిస్‌లో దిగాడు. మిచెల్ చెప్పిన గడువు పెద్దగా తప్పలేదు కూడా.

ఇప్పుడు మెంఫిస్‌లో ఆ స్టూడియో దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే కథలో సగం అక్కడుంది. రాయల్ స్టూడియో ఒకప్పుడు సినిమా హాలు. సౌత్ లాడర్‌డేల్ వీధిలో ఉండేది. కుర్చీలు పీకేశారు కానీ నేలను చదును చెయ్యలేదు. వెనక బెంచీ వాళ్లకు తెర కనబడటానికి వేసిన వాలు అలాగే ఉండిపోయింది. వాయించేవాళ్లు ఆ వాలులోనే కూర్చుని వాయించేవాళ్లు. ఎదురెదురుగా సమానమైన గోడలుంటే శబ్దం వాటి మధ్య బంతిలా కొట్టుకుని మోగుతుంది. ఇక్కడ నేలే ఏటవాలు, కాబట్టి శబ్దం అలా కొట్టుకుని మోగదు. గ్రీన్ పాటలు విడుదల చేసిన హై రికార్డ్స్ కంపెనీ పాటల్లో డ్రమ్ము తడి మట్టి మీద అడుగేసినట్టు 'దబ్' అని ఆగిపోతుంది, 'ఢాం' అని మోగదు. ఏ పాటైనా పది సెకన్లు వింటే చాలు, అది ఆ గదే అని పట్టేయొచ్చు.

గదిలో మనుషులు కూడా మారేవాళ్లు కాదు. హాడ్జెస్ అన్నదమ్ములు ముగ్గురు: టీనీ గిటారు, చార్లెస్ ఆర్గాన్, లెరాయ్ బేస్. డ్రమ్స్ మీద ఒకసారి హోవర్డ్ గ్రైమ్స్, ఒకసారి ఆల్ జాక్సన్ జూనియర్. ఈ జాక్సన్ ఊళ్లోనే ఉన్న పోటీ కంపెనీ స్టాక్స్ రికార్డ్స్‌లో బుకర్ టీ బృందానికి డ్రమ్మరు. ఇంకో కంపెనీ గదిలో కూడా వాయించేవాడు, ఎవరూ పెద్ద గొడవ చేసినట్టు లేదు. మిచెల్ జాజ్ మనిషి. బ్రాస్ వాద్యాలకూ వయొలిన్లకూ అతను వేసే స్వరాల పొందికలో ఆ జాజ్ వాసన ఉంటుంది. కింద పల్లెటూరి తాళం, పైన పట్నపు నునుపు.

మిచెల్‌తో చేసిన మొదటి ఆల్బమ్ 1969లో వచ్చింది, పెద్దగా ఆడలేదు. అందులో గ్రీన్ అరిచాడు. అప్పటికి దక్షిణాది సోల్ అంటే అరుపే. ఓటిస్ రెడింగ్, విల్సన్ పికెట్ గొంతు చించుకుని పాడినవాళ్లు. ఆ అరుపు చర్చిలోంచి వచ్చిందే. మైకు లేని హాల్లో పాటగాడి గొంతు ఆఖరి బెంచీ దాకా చేరాలి, చేరి అక్కడున్న ముసలమ్మను లేపి నిలబెట్టాలి. గ్రీన్ కూడా జాకీ విల్సన్‌లా, శామ్ కుక్‌లా, ఎవరో ఒకరిలా పాడుతుండేవాడు. నువ్వు ఆల్ గ్రీన్‌లా పాడు చాలు అని మిచెల్ అన్నాడని, ఆల్ గ్రీన్ ఎలా పాడతాడో అప్పటికి తనకే తెలియదని గ్రీన్ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు.

మిచెల్ అడిగింది వినడానికి చిన్న విషయం: మెల్లగా పాడు. 1971లో గ్రీన్ సొంతంగా రాసుకున్న 'టైర్డ్ ఆఫ్ బీయింగ్ అలోన్' అలా పాడితే అమెరికా పాప్ చార్టులో 11వ స్థానానికి చేరింది. తర్వాత 'లెట్స్ స్టే టుగెదర్'. మిచెల్, జాక్సన్ కలిసి బాణీ కట్టారు. గ్రీన్ కాసేపట్లో మాటలు రాసేశాడు. కానీ పాడటానికి మొండికేశాడు. ఆ సన్నటి గొంతు తనకు నచ్చలేదు, మగాడి పాటలా లేదనుకున్నాడు. వాదన రెండు రోజులు సాగిందని చెబుతారు. చివరికి పాడాడు. 1972 ఫిబ్రవరిలో అది పాప్ చార్టులో 1వ స్థానంలో ఉంది. రిథమ్ అండ్ బ్లూస్ చార్టులో తొమ్మిది వారాలు పైనే కూర్చుంది. అదే ఏడాది అతనివి ఇంకో మూడు పాటలు పాప్ చార్టు టాప్ ఫైవ్‌లోకి వచ్చాయి.

ఆ పాట మొదటి పది సెకన్లూ హెడ్‌ఫోన్‌లో విని చూడాలి. డ్రమ్ము, బ్రాస్ కలిసి చిన్న మెట్టు ఎక్కి ఆగుతాయి. గ్రీన్ 'నేను' అనే ఒక్క మాట దగ్గర మొదలుపెట్టి, అక్కడే ఆగిపోతాడు. తడబడినట్టు మళ్లీ అదే మాట అందుకుంటాడు. ఇంకోసారి. వాక్యం అప్పుడు కదులుతుంది. పేపరు మీద ఇది లోపం. కానీ ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పడానికి లేచి నిలబడ్డ మనిషిని చూసినవాళ్లకు ఈ తడబాటు తెలుసు. మాట గొంతులో ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. వినేవాళ్లు 'ఊఁ, చెప్పు' అంటారు. గ్రీన్ చర్చి పాటలోని సరుకంతా తెచ్చుకున్నాడు: ఒకే మాటను పట్టుకుని తిప్పడం, స్వరాన్ని వంచడం, మూలగడం, మాటలు వదిలేసి ఊఁకారంలోకి జారిపోవడం. ఒక్క బిగ్గరతనాన్ని మాత్రం తలుపు బయట వదిలేశాడు. మైకు ఉన్నాక ఆఖరి బెంచీ చెవి పక్కకే వచ్చేసింది మరి. రాయల్‌లో అతను పాడిన పాత రిబ్బన్ మైకుకు 9 నంబరు వేసి ఉండేది. అది కూడా ఆ బ్యాండులో ఒక సభ్యుడే అనుకోవచ్చు.

అరుపు చర్చిది, గుసగుస పడగ్గదిది అని జనం అనుకున్నారు. గ్రీన్ రెండింటి మధ్య గోడ లేదని చూపించాడు. అతని గొప్పతనం ఏదైనా ఉంటే అది ఇక్కడే ఉంది, 1974 నాటి దుర్ఘటనలో కాదు.

ఆ 1974లోనే వచ్చిన ఒక ఆల్బమ్‌లో 'టేక్ మీ టు ది రివర్' అనే పాట ఉంది. టీనీ హాడ్జెస్‌తో కలిసి రాశాడు. పైకి అది సతాయించే పిల్ల మీద పాట. కానీ పిలిచేది నదికి, అడిగేది నీళ్లలో ముంచమని. ఇది బాప్తిస్మం అని దక్షిణాది బాప్టిస్టు ఇంట్లో పుట్టిన ఎవరికైనా వెంటనే తెలుస్తుంది. ఒంగోలు ప్రాంతంలో పుట్టినవాళ్లకూ తెలుస్తుంది. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి అమెరికన్ బాప్టిస్టు మిషన్ బాప్తిస్మం ఇచ్చిన కథ అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒంటి కోరికనూ పాపం కడుక్కోవడాన్నీ ఒకే నీళ్లలో ముంచిన పాట ఇది. విచిత్రం, గ్రీన్ దాన్ని సింగిల్‌గా విడుదల చెయ్యనే లేదు. అదే కంపెనీలో పాడే సిల్ జాన్సన్ పాడితే 1975లో హిట్టయింది, 1978లో టాకింగ్ హెడ్స్ అనే న్యూయార్క్ రాక్ బృందం పాడితే ఇంకో తరానికి చేరింది.

1976లో మెంఫిస్ దక్షిణ భాగాన, ఎల్విస్ ప్రెస్లీ ఇల్లు గ్రేస్‌ల్యాండ్‌కు కొద్ది దూరంలో, హేల్ రోడ్డులో ఒక చర్చి కొన్నాడు. ఫుల్ గాస్పెల్ ట్యాబర్నకిల్ అని పేరు. అక్కడ పాస్టరు తనే. చర్చి ఉంది, కచేరీలూ ఉన్నాయి. 1977లో మిచెల్ లేకుండా, సొంత స్టూడియోలో, తనే గిటారు పట్టుకుని 'ద బెల్ ఆల్బమ్' చేశాడు. అందులో ముఖ్యమైన పాటలో బెల్ అనే అమ్మాయితో మాట్లాడుతూ, నాకు కావాలనిపించేది నువ్వే గానీ నాకు అవసరమైనవాడు ఆయన అన్న అర్థం వచ్చేలా చెబుతాడు. అమ్మాయిని తిట్టడు, పాపాత్మురాలు అనడు. గొంతులో ఇంకా ఆమె మీద ఇష్టం వినిపిస్తూనే ఉంటుంది. సోల్ చరిత్రలో ఇంత నిజాయితీగా తన టెన్షన్‌ను బయటపెట్టిన రికార్డులు తక్కువ. విమర్శకులు మెచ్చుకున్నారు, జనం పాత స్థాయిలో కొనలేదు. హై రికార్డ్స్ కంపెనీ కూడా ఆ ఏడాదే చేతులు మారింది. అంతకుముందే, 1975 అక్టోబరులో, ఆల్ జాక్సన్ తన ఇంట్లో హత్యకు గురయ్యాడు. ఆ గది పాత గది కాకుండా పోయింది. గ్రీన్ అమ్మకాలు పడిపోవడానికి దేవుణ్ణి మాత్రమే తప్పుపట్టేవాళ్లు ఈ సంగతులు మరిచిపోతారు. డిస్కో వచ్చి ఊపేసిన కాలం కూడా అదే.

1979లో సిన్సినాటి కచేరీలో వేదిక మీద నుంచి కింద పడ్డాడు. ప్రాణాపాయం తృటిలో తప్పింది. దాన్ని దేవుడి హెచ్చరికగా తీసుకుని, ఇక గాస్పెల్ మాత్రమే పాడతానన్నాడు. చూడండి, అతను నిజంగా ప్రేమపాటలు మానేసింది జావ పడ్డ ఐదేళ్లకు. తర్వాత మిర్ అనే క్రైస్తవ సంగీత కంపెనీకి పాడిన 'ద లార్డ్ విల్ మేక్ ఎ వే'కు గ్రామీ వచ్చింది. డెబ్బైల్లో దేశాన్ని ఊపేసిన పాటల్లో ఒక్కదానికీ రాని గ్రామీ, మొట్టమొదటిసారి ఒక గాస్పెల్ రికార్డుకు వచ్చింది. మొత్తం మీద అతనికి వచ్చిన 11 గ్రామీల్లో ఎనిమిది గాస్పెల్‌వే. 1982లో బ్రాడ్‌వేలో పాటీ లబెల్‌తో కలిసి ఒక గాస్పెల్ నాటకంలో పాడాడు. 1984లో రాబర్ట్ మగ్ తీసిన డాక్యుమెంటరీలో ఆ చర్చి ఏడో వార్షికోత్సవ ఆరాధన ఉంది. పాటెప్పుడు ప్రసంగమైందో, ప్రసంగమెప్పుడు పాటైందో అందులో పట్టుకోవడం కష్టం.

ఆ గాస్పెల్ ఆల్బమ్‌లన్నీ గొప్పవా అంటే కాదు. ఎనభైల నాటి సింథసైజర్లు చాలా పాటలను చదునుగా చేశాయి, హాడ్జెస్ అన్నదమ్ముల బరువు లేక కొన్ని తేలిపోయాయి. 1985లో మిచెల్ మళ్లీ పక్కనుండి చేయించిన 'హీ ఈజ్ ద లైట్' మాత్రం వేరే. దేవుడి పాటను అదే గుసగుసతో పాడితే ఎలా ఉంటుందో అందులో వినొచ్చు. ఆరాధన అంటే కేకలే అనుకునే చెవికి కొత్తగా ఉంటుంది.

పాపి పుణ్యాత్ముడయ్యాడనే చక్కటి కథకు అడ్డొచ్చేది ఇంకొకటి ఉంది. 1977లో, పాస్టరయ్యాక, గ్రీన్ పెళ్లి చేసుకున్నాడు. 1983లో విడాకులయ్యాయి. ఆ కేసులో భార్య, తనను కొట్టి హింసించేవాడని ఆరోపించింది. చర్చి వేదిక ఎక్కినంత మాత్రాన ఇంట్లో మనిషి మారిపోతాడని నమ్మేవాళ్లు ఈ పేజీ దగ్గర ఆగి చదవాలి. అభిమానులు రాసే జీవిత కథల్లో ఇది ఒక వాక్యంలో దాటిపోతుంది, చాలాసార్లు అదీ ఉండదు.

ప్రేమపాటల నిషేధం కూడా చివరిదాకా నిలవలేదు. 1988లో ఆనీ లెనాక్స్‌తో కలిసి పాడిన పాట పాప్ చార్టులో టాప్ టెన్‌లోకి వెళ్లింది. 1994లో 'పల్ప్ ఫిక్షన్' సినిమాలో 'లెట్స్ స్టే టుగెదర్' వినిపించి, పుట్టకముందు పాట కొత్త కుర్రాళ్ల నోట పడింది. మరుసటి ఏడాది రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. 2003లో మళ్లీ మిచెల్ దగ్గరికి, మళ్లీ ఆ ఏటవాలు నేల మీదికి, ఆ 9 నంబరు మైకు ముందుకు వెళ్లి 'ఐ కాంట్ స్టాప్' చేశాడు. అరవైకి దగ్గరపడుతున్నా పైగొంతు పలికింది. 2008లో క్వెస్ట్‌లవ్ అనే హిప్‌హాప్ డ్రమ్మరు ముందుండి చేయించిన 'లే ఇట్ డౌన్' ఆల్బమ్ చార్టులో 9వ స్థానానికి చేరింది, రెండు గ్రామీలు తెచ్చింది. మిచెల్ 2010 జనవరిలో, టీనీ హాడ్జెస్ 2014లో పోయారు. రాయల్ స్టూడియోను మిచెల్ కుటుంబమే నడుపుతోంది.

చర్చి ఈ వెనక్కి రావడాన్ని ఎలా తీసుకుందనే ప్రశ్నకు గ్రీన్ చాలా ఏళ్లుగా ఒకే ధోరణిలో జవాబు చెబుతాడు: ప్రేమను పుట్టించింది దేవుడే అయితే ప్రేమపాటలో తప్పేముంది? తండ్రి బతికున్న రోజుల్లో ఆ ఇంట్లో ఈ జవాబు చెల్లేది కాదు. కానీ తండ్రి అభ్యంతరానికీ ఈ జవాబుకీ మధ్య నలభై ఏళ్ల పాటలున్నాయి, వాటిలో ఏది చర్చిదో ఏది కాదో విడదీయడం కష్టం.

2012 జనవరి 19న న్యూయార్క్‌లోని అపోలో థియేటర్లో ఎన్నికల విరాళాల సభ జరిగింది. అంతకుముందు వేదిక మీద గ్రీన్ పాడి దిగాడు. అధ్యక్షుడు ఒబామా మైకు అందుకుని, ఉన్నట్టుండి 'లెట్స్ స్టే టుగెదర్' మొదటి ముక్క ఎత్తుకున్నాడు. హాలు హోరెత్తింది. పాడింది భార్యాభర్తల ప్రేమపాట. కానీ ఆ పాట సొంతదారును ఒబామా పిలిచిన పిలుపు రెవరెండ్. కంగారు పడకండి రెవరెండ్, మీలా పాడలేనులెండి అన్నాడు.